సబ్బుపెట్టెలో గొంతు

లుఫీరా,
1974 ఫిబ్రవరి 10

తమ్ముడు లాబన్‌కు,

అక్క తవోంగా రాసేది. ఊపిరితిత్తులకు ఇక భయం లేదని మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. తొంభై సూదులు పొడిచారు. దగ్గు పోయింది. దానితోపాటు ఇంకొకటి కూడా పోతోంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నాకు చెవులు వినపడటం లేదు లాబన్. ఆ మందుకు కొందరిలో అలా అవుతుందట. మగవాళ్ళ గొంతు, దగ్గరగా ఉంటే, ముద్దముద్దగా తెలుస్తుంది. పిల్లల గొంతులు అసలే అందవు. మొన్న ఐదో తరగతిలో ఏడెనిమిదులు ఎంత అని అడిగాను. ఒక పిల్ల లేచి "యాభై ఆరు" అంది. నాకు "అమ్మ లేరు" అన్నట్టు వినపడింది. "అయ్యో, ఎక్కడికెళ్ళిందమ్మా పాపం?" అన్నాను. తరగతంతా బల్లల మీద పడి నవ్వింది. నేను కూడా కావాలని అన్నట్టే నవ్వాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

జూన్ నెలాఖరున స్కూళ్ళ తనిఖీ అధికారి వస్తాడు. చెవిటి టీచరును ఉంచుకోరు. పద్నాలుగేళ్ళ ఉద్యోగం. ఉద్యోగం పోతే ఈ ఇల్లూ పోతుంది.

నువ్వు గని వర్క్‌షాపులో రేడియోలు బాగుచేస్తావు కదా, గొంతు పెద్దది చేసే పరికరం ఏదైనా నేనే చేసుకోగలిగేలా చెప్పగలవా? చెవి మిషన్ కావాలని ఆసుపత్రికి అర్జీ పెడితే ఊరంతా తెలిసిపోతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

నీ అక్క,
తవోంగా


చింగోలా,
1974 మార్చి 3

అక్కా,

ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు బొమ్మ గీయడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు నా చెవి మెలేసి లెక్కలు నేర్పిన చెయ్యి కదా, ఇప్పుడు ఆ చేతికి నేను పాఠం చెప్పాలి. కుదురుగా కూర్చో.

దీనితో ఒక పార్సిల్ పంపుతున్నాను. చచ్చిపోయిన రేడియోల నుంచి తీసిన ట్రాన్సిస్టర్లు నాలుగున్నాయి. మూడే కావాలి. నాలుగోది నువ్వు తప్పకుండా ఒకటి కాల్చేస్తావు కాబట్టి. పాత టెలిఫోనులో చెవి దగ్గర పెట్టుకునే బిళ్ళ ఒకటి ఉంది. దాన్ని తిప్పి వాడితే అదే మైకు. జేబు రేడియోకి పెట్టుకునే చెవిగుండీ ఉంది. రెసిస్టర్లకు కాగితపు చీటీలు కట్టాను, బొమ్మలో అవే నంబర్లు వేశాను. టంకం తీగ చుట్ట కూడా ఉంది.

ట్రాన్సిస్టరుకు మూడు కాళ్ళు. ఎర్ర చుక్క పక్కన ఉన్నది కలెక్టరు. నడిమిది బేసు. మిగిలింది ఎమిటరు. నడిమి కాలికి నువ్వు చెవిలో చెప్పిన చిన్నమాట, పక్క కాలి దగ్గర కేకై వస్తుంది. ఆ కేకను రెండోదాని నడిమి కాలికి ఇస్తావు, దానిది మూడోదానికి. అంతే విద్య. అతికేటప్పుడు వేడి లోపలికి పాకితే అది చచ్చిపోతుంది, కాబట్టి కాలిని పటకారతో పట్టుకునే అతకాలి. బ్యాటరీ మాత్రం నువ్వు అనుకున్నదానికి తిరగేసి పెట్టాలి. ఈ రకానికి ప్లస్సు కిందికి వస్తుంది.

అంతా ఒక సబ్బుపెట్టెలో పడుతుంది. మైకుకు పొడుగు తీగ వేసుకుంటే పిల్లల బల్ల మీద పెట్టొచ్చు.

భయపడకు. నేను ఉన్నాను.

లాబన్


లుఫీరా,
1974 ఏప్రిల్ 7

తమ్ముడూ,

వినపడింది!

వరసగా చెప్తాను. పార్సిల్ విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చారు. పోస్టాఫీసు గుమాస్తా మోఫాట్ ఒక ట్రాన్సిస్టరును రెండు వేళ్ళతో పురుగును పట్టుకున్నట్టు పట్టుకుని "ఏంటి టీచర్ ఇవి? కాళ్ళున్నాయే!" అన్నాడు. ఏడో తరగతి సైన్సు పాఠానికి అన్నాను. సంతకం పెట్టించుకుని, పంపినవాడి పేరు ఒక పుస్తకంలో రాసుకుని ఇచ్చాడు.

నాకు టంకం పెట్టే కడ్డీ ఎక్కడిది? లావు రాగి మేకు ఒకదానికి కర్ర పిడి వేసి బొగ్గుల కుంపటిలో కాల్చాను. ముందు వారం వేళ్ళు కాలాయి. రెండో వారం నువ్వు అన్నట్టే ఒక ట్రాన్సిస్టరు చచ్చింది. నిన్న సాయంత్రం అన్నీ అతికి బ్యాటరీ పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ చర్చి నుంచి వచ్చి చూస్తే బ్యాటరీ మామూలుగా పెట్టేశాను, తిరగేసి కాదు. తిప్పి పెట్టాను. గాలివాన! చెవిలో గాలివాన వచ్చింది లాబన్. అది నా ఊపిరి. నడుముకు చుట్టుకున్న చితెంజే గుడ్డ కదిలితే ఎవరో ఎండుటాకుల్లో నడుస్తున్నట్టుంది. కోడి గొంతు ఎంత చికాకైనదో మరిచేపోయాను, కూర్చుని ఏడ్చాను.

రేపటి నుంచి బడిలో పెడతాను. మైకు పూలడబ్బాలో, ముందు బల్ల మీద. తీగ నేల మీదుగా నా మేజా సొరుగులోకి. గుండీ తలగుడ్డ కింద, చెవిలో.

ఒక్కటే చిత్రం. ఇంట్లో కిటికీ దగ్గర పెడితే అప్పుడప్పుడు ఒక మగగొంతు మాట్లాడుతుంది. వంటింట్లో కాస్త తగ్గుతుంది, ఇందాక ఖాళీ బడికి తీసుకెళ్ళి చూస్తే అసలు లేదు. ఇది రేడియో కాదు కదా?

తవోంగా


చింగోలా,
1974 ఏప్రిల్ 28
లారీ డ్రైవర్ చాండా చేతికిచ్చి

అక్కా,

ఆ మాట తపాలాలో రాశావా? కవరు అంటింపు నాలుగు వైపులా చూశాను, చెరిగినట్టు లేదు. దేవుడి దయ వల్ల ఎవరూ చదవలేదనుకుంటాను. ఇక మీదట దీని గురించి ఒక్క ముక్క కూడా పోస్టులో వెయ్యొద్దు. చాండా మనవాడు, నెలకు రెండుసార్లు సరిహద్దు దాటి మీ ఊరి మీదుగా వెళ్తాడు. చదివి కాల్చేయ్.

నీ ఇంటి కంచె అవతల ఏముంది? పోలీసు ఠాణా. ఠాణా పెరట్లో ఏముంది? ఎత్తయిన గుంజ, దానికి తీగ. వాళ్ళు వైర్‌లెస్‌లో మాట్లాడినప్పుడల్లా ఆ తీగ నుంచి వచ్చేది నీ పొడుగు మైకు తీగకు తగులుతోంది. మొదటి ట్రాన్సిస్టరు దాన్ని గొంతుగా మార్చేస్తోంది. నువ్వు తప్పు చేయలేదు, నేనే చేశాను. బొమ్మ గీసేటప్పుడు నువ్వు ఎక్కడ ఉంటున్నావో మరిచాను.

చాండా ఇచ్చే సబ్బుబిళ్ళను మధ్యకు కొయ్యి. లోపల చిన్న కండెన్సర్ ఉంది. దాన్ని మొదటి ట్రాన్సిస్టరు నడిమి కాలికీ ఎమిటరుకూ అడ్డంగా అతుకు. తీగ జానెడుకు తగ్గించు. ప్లాస్టిక్ పెట్టె మాని రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను ప్లస్సుకు కలుపు. గొంతు పోతుంది.

ఇవాళే చెయ్యి. అక్కడ ఇంట్లో వైర్‌లెస్ పెట్టుకున్నాడని ఒక మనిషిని ఏం చేశారో నీకు తెలుసు. అతని ఇంట్లో దొరికింది ఉత్త గడియారం.

ఈలోగా వినొద్దు. గొంతు రాగానే గుండీ పీకెయ్యి.

లాబన్


లుఫీరా,
1974 మే 15, బుధవారం
చాండా చేతికిచ్చి

లాబన్,

చాండా లారీకి నీళ్ళు పోసుకుంటున్నాడు. అతను బయల్దేరేలోగా రాయాలి.

కండెన్సర్ పోయినసారే అందింది. అతకలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను? మొదట కుంపటికి బొగ్గుల్లేవు అనుకున్నాను. బొగ్గులొచ్చాక రేపు చూద్దాం అనుకున్నాను. నిజమేమిటంటే, ఏడాదిగా ఏ మనిషి మాటా తిన్నగా వినని దాన్ని, ఒక గొంతు పదం పదం విడివిడిగా చెవిలో పలుకుతుంటే పీకెయ్యలేకపోయాను. సార్జెంటు గొంతే అది. అవతలివాడి మాట రాదు. ఇతను మాట్లాడతాడు, ఆగుతాడు, మళ్ళీ మాట్లాడతాడు. డీజిల్ అయిపోయిందనీ, పోలీసుల బూట్లు ఇంకా రాలేదనీ, ఇవే మాటలు. ఒకసారి తన కూతురికి పళ్ళొస్తున్నాయని కూడా చెప్పాడు.

నిన్న మధ్యాహ్నం బడి నుంచి వచ్చి మామూలుగా చెవిలో పెట్టుకున్నాను. "పేరు రాసుకోండి సార్" అన్నాడు. అవతలివాడికి వినపడలేదనుకుంటాను, అక్షరం అక్షరం చెప్పాడు. కె. యు. ఎం. డబ్ల్యూ. నాకు నాలుగో అక్షరానికే తెలిసిపోయింది. గేసన్ కుమ్వెండా. మా హెడ్మాస్టరు. "శుక్రవారం బండి పంపండి. సాయంత్రం ఇంట్లోనే ఉంటాడు. అవును సార్, పట్నానికే." తరువాత నవ్వాడు.

పార్టీ సభకు పిల్లల్ని నాలుగు రోజులు డాన్సులకు పంపనన్నాడు ఆయన, పరీక్షలున్నాయని. అంతే ఆయన నేరం.

ఇప్పుడు మిగతాది విను. పోయిన నెలలో, నాకు వెనకగా నిలబడి ఆయన సుద్దముక్కల పెట్టె నేల మీద పడేశాడు. ఆ రోజు గుండీ నా చెవిలో లేదు. నేను తిరగలేదు. ముందుకొచ్చి, నోరు బాగా కదిలిస్తూ అన్నాడు: "టీచర్ లుహాంగా, తనిఖీ అధికారికి మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా? పిల్లలు నష్టపోతున్నారమ్మా." నేను బతిమాలాను. "నెల గడువిస్తాను" అన్నాడు.

ఆయన శుక్రవారం పోతే నా గడువు అడిగేవాడుండడు. చూశావా, ఎంత నీచమైన లెక్క వేశానో. అక్షరాలు వింటూ ఉండగానే వేశాను.

చెప్పాలా? చెప్తే ఆయన "నీకెలా తెలుసు?" అంటాడు. పట్టుబడితే నా పేరు చెప్తాడు. ఠాణాలో ఉన్నవాళ్ళకు తప్ప తెలియని మాట కంచె ఇవతలకి ఎలా వచ్చిందో వాళ్ళు వెతుకుతారు. వెతికితే సబ్బుపెట్టె. సబ్బుపెట్టె వెనక నువ్వు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి శుక్రవారం దాటిపోయి ఉంటుంది. నేనేం చేసి ఉంటానో నాకే తెలియదు.

చాండా హారన్ కొడుతున్నట్టున్నాడు, అందరూ అటు చూస్తున్నారు.

తవోంగా


చింగోలా,
1974 మే 26
చాండా చేతికిచ్చి

అక్కా,

శుక్రవారం పోయి తొమ్మిది రోజులైంది. నేను రాసేది దేనికీ పనికిరాదని తెలిసీ రాస్తున్నాను.

చెప్పొద్దు, చెప్పొద్దు, నోరు మూసుకుని కూర్చో అని మొదట ఒక పేజీ నిండా రాశాను. చింపేశాను.

నేను ఇక్కడికి జీతం కోసం వచ్చానని నీకు చెప్పాను. అబద్ధం. గ్యారేజీలో పనిచేసే రోజుల్లో రోజూ మందాజీ రొట్టెలు అమ్మే ముసలావిడ ఒకతి ఉండేది. ఒక రోజు పొద్దున పొట్లం చేతికిస్తూ, నా వైపు చూడకుండా, "రేపు పనికి రాకు నాయనా" అంది. ఇంకొక్క మాట లేదు. ఆ పూటే బస్సెక్కాను. మర్నాడు గ్యారేజీకి వచ్చి నా పేరూ, విల్సన్ పేరూ అడిగారట. విల్సన్ దొరికాడు. వాడికి చెప్పడానికి సమయం లేకపోయిందని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. సమయం ఉంది అక్కా. బస్సుకు గంటన్నర ఉంది. వాడి ఇల్లు బస్టాండు వెనకే. భయమేసింది, వెళ్ళలేదు.

నువ్వు చెప్పి ఉంటే, నాకు భయంగా ఉంది. చెప్పకపోయి ఉంటే, అప్పుడు కూడా నేను నీ తమ్ముణ్ణే, నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. ఏది జరిగినా ఆ పెట్టెను మాత్రం నాశనం చెయ్యి. ఒక్క తీగముక్క కూడా ఇంట్లో ఉండకూడదు.

లాబన్


లుఫీరా,
1974 జూన్ 2

ప్రియమైన తమ్ముడు లాబన్ లుహాంగాకు,

నేను క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ ఏడు మొక్కజొన్న బాగా పండింది. మా హెడ్మాస్టరు గారు ఎక్కడికో వెళ్ళారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. అధికారులు బడికి వచ్చి అందరితో మర్యాదగా మాట్లాడారు.

నా చెవులు పూర్తిగా పోయాయి. ఏ చప్పుడూ వినపడటం లేదు. ఈ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు.

సైన్సు పాఠాలకు ఇక పార్సిళ్ళు అక్కర్లేదు.

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. నీ చేత్తోనే రాయి, ఇంకొకరి చేత రాయించకు. ఏదైనా రాయి. ఒక్క ముక్క చాలు.

నీ అక్క,
తవోంగా లుహాంగా


చింగోలా,
1974 జూన్ 16

ప్రియమైన అక్కకు,

నేను క్షేమంగా ఉన్నాను. ఇది నా చేతిరాతే, కోడి గీకినట్టుందని నువ్వు తిట్టే రాతే. జూన్ కదా, ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే గని గేటు దగ్గర నిలబడితే నోట్లోంచి పొగ వస్తోంది. ఇవాళ చర్చిలో రెండు పాటలు పాడాం, నేను ఎప్పటిలాగే శ్రుతి తప్పాను. నా ఎడమ చేతి మీద, నువ్వు వేడి గంజి ఒలకబోసిన మచ్చ అలాగే ఉంది.

ఎందుకడిగావో తెలియదు కానీ, నేను నేనే.

లాబన్


చిలాలా రేవు,
1974 జూలై 20
చాండా చేతికిచ్చి

లాబన్,

నీ మే నెల ఉత్తరం మొన్ననే అందింది. చాండా దాదాపు రెండు నెలలు దాన్ని సీటు కింద దాచి, నేను లుఫీరాలో లేనని తెలిసి వెతుక్కుంటూ ఇక్కడికి తెచ్చాడు. విల్సన్ గురించి చదివాను. దాని గురించి ఒక రోజు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. కాగితం మీద వద్దు. ఇప్పుడు నా సంగతి చెప్తాను.

గురువారం మూడో పీరియడ్‌లో ఆయన గదికి వెళ్ళాను. దిద్దిన లెక్కల పుస్తకం ఒకటి ఆయన ముందు పెట్టాను. అందులో పెన్సిలుతో రాశాను: "రేపు ఇంట్లో ఉండకండి. బండి వస్తోంది. పట్నం నుంచి." చదివి తలెత్తి ఏదో అన్నాడు. పెదాలు కూడా చదవలేకపోయాను, నా కళ్ళ ముందు అంతా ఊగుతోంది. పుస్తకం లాక్కుని, ఆ కాగితం చింపి నోట్లో పెట్టుకుని నమిలాను. అవును, మింగాను. తరువాత నా తరగతికి వెళ్ళి భిన్నాలు చెప్పాను. కిటికీలోంచి చూస్తే టై కట్టుకుని, సైకిలు ఎక్కి, తాపీగా వెళ్తున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆ మధ్యాహ్నమే పెట్టెను రాయితో చితక్కొట్టి మరుగుదొడ్డి గోతిలో పడేశాను. ట్రాన్సిస్టర్లు గాజువి కదా, సన్నగా పగిలాయి.

సోమవారం వచ్చారు. టీచర్లందరినీ హెడ్మాస్టరు గదిలో నిలబెట్టారు. మోఫాట్ పార్సిల్ సంగతి ముందే చెప్పేశాడు, పాపం అతనికీ భయమే. సార్జెంటు నా ముందుకొచ్చి ఏదో అడిగాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను. ఏది దాచడానికి ఇన్ని పాట్లు పడ్డానో దాన్నే అందరి ముందూ పెట్టాను. "బాబూ, గట్టిగా చెప్పండి. నాకు ఏడాదిగా చెవుడు. సూదుల వల్ల వచ్చింది. ఉద్యోగం పోతుందని దాచాను" అన్నాను.

అతను నమ్మలేదు. మా తోటి టీచరు వయొలెట్ కల్పించుకుంది. ఏమందో నాకు తరువాత రాసి చూపించింది. "నిజమే సార్. ఆవిడకి చెవుడని ఊళ్ళో అందరికీ తెలుసు. బడి పిల్లలక్కూడా తెలుసు. ఆవిడకే తెలియదు మాకు తెలుసని." లాబన్, అందరికీ తెలుసట. ఎవరూ పైకి చెప్పలేదు.

ఇంటికి తీసుకెళ్ళి వెతికారు. పరుపు కోశారు. కుంపటి తిరగేశారు. రాగి మేకు దొరికింది. కోడి ఈకలు కాల్చడానికని చెప్పాను. తరువాత నన్ను మేజా ముందు కూర్చోబెట్టి, పార్సిల్లో ఏమేం వచ్చాయో రాసివ్వమన్నారు. పాడు సామాన్లు, పిల్లలు విరగ్గొట్టారు అని రాస్తున్నాను. సార్జెంటు వెనక్కి వెళ్ళాడు. చాలా దగ్గరగా నిలబడ్డాడని మెడ మీద వేడి వల్ల తెలుస్తోంది. ఆ గొంతు నాకు తెలిసినట్టు ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. నెల రోజులు విన్న గొంతు. మామూలుగా, పక్కవాడితో అన్నట్టు అన్నాడు: "చింగోలాలో లాబన్ లుహాంగా అనేవాడు గనిలో పడి చచ్చాడట. మొన్న."

వినపడింది. అన్ని మాటలూ కాదు. నీ పేరు. గని. చచ్చాడు.

నా కలం "విరగ్గొ" దగ్గర ఉంది. "ట్టారు" రాశాను. చుక్క పెట్టాను. తరువాత వాక్యం మొదలుపెట్టాను. ఏం రాశానో గుర్తులేదు, కానీ చెయ్యి ఆగలేదు. తల ఆడలేదు. ఒక ఈగ వచ్చి నా మణికట్టు మీద వాలింది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అతను ముందుకొచ్చి కాగితం తీసుకున్నాడు. "ఠాణా పక్కన చెవిటి పొరుగు! అంతకంటే ఏం కావాలి?" అని నవ్వాడు. ఈసారి నోరు చూసి తెలుసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక కూడా నేను ఏడవలేదు. కిటికీలోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని. నువ్వు బతికి ఉన్నావో లేదో తెలియకుండా ఐదు వారాలు ఉన్నాను లాబన్. ఎవరినీ అడగడానికి లేదు. అడిగితే విన్నట్టే. చాండా ఆ రోజుల్లో రాలేదు. అందుకే పోస్టులో అలా రాశాను, చేతిరాత కోసం. నీ జవాబు జూన్ ఇరవై నాలుగున వచ్చింది. మోఫాట్ ఎదురుగానే విప్పి చదివాను. "ఏం టీచర్, అంతా క్షేమమేనా?" అన్నట్టు అతను చెయ్యి ఊపాడు. "వాళ్ళకు చలి మొదలైందట" అన్నాను. ఇంటికి వెళ్ళి తలుపేసుకుని, ఆ కోడిగీతలను ముఖానికి అదుముకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను.

తనిఖీ అధికారి వచ్చాడు. చెవులు పరీక్షించిన డాక్టరు కాగితం పెట్టి నన్ను పంపించేశారు. ఇప్పుడు ఇక్కడ, న్యాగోండ్వే అత్త దగ్గర ఉన్నాను. ఉసిపా చేపలు ఎండబెడతాం. ఈ ఊరికి కరెంటు లేదు, వైర్‌లెస్ లేదు, గుంజ లేదు.

హెడ్మాస్టరు ఏమయ్యాడో తెలియదు.

తవోంగా


చింగోలా,
1974 సెప్టెంబర్ 1
చాండా చేతికిచ్చి

అక్కా,

ఆయన బతికే ఉన్నాడు.

మన వైపు నుంచి ఎవరో కొత్త మాస్టారు వచ్చి, ఇక్కడికి ముప్పై మైళ్ళ దూరంలో ఒక మిషన్ బడిలో స్టోరు చూసుకుంటున్నాడని చర్చిలో అనుకుంటుంటే విన్నాను. పోయిన ఆదివారం వెళ్ళాను. సన్నగా, పొడుగ్గా, టై కట్టుకుని, సుద్దముక్కల పెట్టెలు లెక్కపెడుతున్నాడు. నా పేరు చెప్పాను. చేతిలో పెట్టె కింద పెట్టాడు.

"ఆవిడ పుస్తకం నా ముందు పెట్టినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా బాబూ?" అన్నాడు. "నన్ను బెదిరిస్తోందనుకున్నాను. ఆవిడ గురించి తనిఖీ అధికారికి ఉత్తరం రాసేశాను అప్పటికే. గడువు ఇంకా వారం ఉండగానే. ఆ పొద్దున్నే పోస్టులో వేశాను. అది తెలిసి, నన్ను పారిపోయేలా చేద్దామని వచ్చిందనుకున్నాను. అందుకే 'ఎంత ధైర్యం మీకు!' అన్నాను. అంతలో ఆవిడ ఆ కాగితం నోట్లో పెట్టుకుంది. గొంతులో అడ్డం పడి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, అయినా నములుతూనే ఉంది. అప్పుడు నమ్మాను."

నాలుగు రోజులు సైకిలు మీద, తరువాత కాలినడకన సరిహద్దు దాటాడట.

"ఆవిడకి ఎలా తెలిసింది?" అని మూడుసార్లు అడిగాడు. తెలియదని మూడుసార్లు చెప్పాను. చెప్పనా, వద్దా? నువ్వు అనుమతిస్తేనే చెప్తాను. ఇంకొకటి. ఆ ఉత్తరానికి క్షమాపణ చెప్పమన్నాడు. చెప్తూ అటు తిరిగి పెట్టెలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగు ట్రాన్సిస్టర్లు ఏరి పెట్టాను. అక్కడ గుంజ లేదంటున్నావు కదా. మళ్ళీ చేసుకో అక్కా. చాండా చేత పంపనా?

లాబన్


చిలాలా రేవు,
1974 సెప్టెంబర్ 29
చాండా చేతికిచ్చి

తమ్ముడూ,

ఆయన బతికి ఉన్నాడని చదివి, ఆ కాగితం అత్తకు ఇచ్చి మళ్ళీ చదివించుకున్నాను, నా కళ్ళను నమ్మలేక.

ఎలా తెలిసిందో చెప్పొద్దు. మంచివాడే. మంచివాళ్ళ చేత కూడా చెప్పిస్తారు. తెలియకపోతే ఆయనకూ సుఖం, మనకూ సుఖం. ఆ ఉత్తరం గురించి మాత్రం బాధపడొద్దను. అందులో ఆయన రాసింది అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు నీకు తప్ప ఎవరికీ చెప్పలేనిది ఒకటి చెప్తాను. పోయిన వారం చేపల పందిళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. వెనక నుంచి జాలరి ఒకడు "మొసలి! మొసలి!" అని అరిచాడు. లావు గొంతు. నాకు వినపడింది, లాబన్. రెండుసార్లూ వినపడింది. విని కూడా తల తిప్పలేదు. మెడ అలాగే బిగుసుకుపోయింది, ఆ రోజు మేజా ముందు బిగుసుకున్నట్టే. ఎదురుగా ఉన్న ఈగలను చూస్తూ నిలబడ్డాను. అత్త పరుగెత్తుకొచ్చి నన్ను జబ్బ పట్టి ఈడ్చింది. మొసలి మడుగులోకి జారిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. అత్త "చెవిటిదాన్ని ఒంటరిగా వదలడం నాదే తప్పు" అని అందరికీ చెప్పుకుని ఏడ్చింది. నేను చెవుడు వల్ల కాదని చెప్పలేకపోయాను.

కాబట్టి ట్రాన్సిస్టర్లు ఇప్పుడే పంపకు. నాకు వినపడనిది తక్కువ, వినపడీ తిరగలేనిది ఎక్కువ అయ్యింది. ముందు అది బాగుపడాలి.

అత్తకు ఆ రాత్రి... కాదు, మర్నాడు పొద్దున, అంతా చెప్పేశాను. పెట్టె, గొంతు, నీ పేరు, అన్నీ. ఆవిడ వింటూ చేపలు తిరగేసింది. అప్పటి నుంచి రోజూ పొద్దున నేను గంజి కలుపుతుంటే నా వెనక్కి వెళ్ళి నిలబడుతుంది. తన బొంగురు గొంతుతో "తవోంగా!" అంటుంది. మూడు రోజులు నేను తిరగలేదు. ఆవిడ మళ్ళీ పిలవలేదు, కోప్పడలేదు, వెళ్ళి తన పని చూసుకుంది.

ఇవాళ కూడా పిలిచింది. గంజి ఒలికి కాలి మీద పడింది.

తిరిగాను.

తవోంగా